మూత పెట్టేదాకా కదలకండి

టోగ్బే గారూ, ఈ పేటకి పెద్దదిక్కు మీరు, ముందుగా మీకు దండం. కఫూయి వదినా, నీకూ నీ పిల్లలకూ ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. నల్లబట్టా ఎర్రబట్టా కట్టుకుని ఇంత ఎండలో వచ్చి కూర్చున్న మీ అందరికీ, మన కేటా ఊరి ఫోటోగ్రాఫర్ల సంఘం తరఫున నమస్కారం.

నేను ఎన్యోనమ్‌ని. చేపల బజారు పక్కన స్టూడియో నాదే. మీలో సగం మంది పెళ్లిళ్లు నేను తీసినవే. నాకు కోపం ఎక్కువనీ, నోరు పెద్దదనీ ఈ ఊళ్లో పేరుంది. నిజమే, కాదనను. అయినా ఇవాళ మాట్లాడే పని నాకే అప్పజెప్పారు. ఎందుకంటే మా సంఘంలో మగవాళ్లంతా పొద్దున్నుంచీ ముక్కు చీదుకుంటూ కూర్చున్నారు.

ఎవరు పోయారు మనకి? ఎఫో డోట్సే పోయాడు. ఎఫో అంటే అన్న. ఆయనకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఆయన్ని అన్నా అనే పిలిచారు. పెద్దలు సారా ధార పోసి ఆయన పేరు పిలిచినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. వస్తాడేమో అనుకున్నాను. భుజాన కెమెరా నల్ల గుడ్డ వేసుకుని, "ఏమిటే ఈ గోల, వెలుగు పోతోంది" అంటూ వస్తాడనుకున్నాను. రాలేదు.

అదిగో, ఆ బల్ల మీద ఆయన కెమెరా పెట్టాం. ఓడుమ్ చెక్కతో ఆయనే చేసుకున్న పెట్టె. ముందువైపు దానికి కన్ను లేదు, చూశారా? ఉత్త కన్నమే ఉంది. అది ఎందుకలా ఉందో మా సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేనంటాను. కాస్త ఆగండి.

ముందు ఆ మనిషి గురించి చెప్పనివ్వండి.

ఆ పెట్టెతో ఫోటో తీయాలంటే మీట నొక్కితే అయ్యేది కాదు. లెన్సుకి ఒక మూత. మూత తీస్తే ఫోటో మొదలు, మూత పెడితే ఫోటో అయిపోయినట్టు. ఈ మధ్యలో మనిషి రాయిలా నిలబడాలి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా ఎక్కువసేపు. మూత మీద చెయ్యి వేసి ఆయన ప్రతివాళ్లకీ ఒకటే మాట చెప్పేవాడు. "మూత తీసింది మొదలు పెట్టేదాకా ఊపిరి నీది, ఒళ్లు నాది. కదిలావో, పొగైపోతావు." నిజంగానే పొగ అయ్యేవాళ్లు. నిలబడినదే కాగితం మీద పడుతుంది. కదిలింది మసకగా చెదిరిపోతుంది.

టోగ్బే గారూ, కోపగించుకోకండి, మీ సంగతి చెప్పకుండా ఉండలేను. మీరు పీఠం ఎక్కిన రోజున ఎఫో డోట్సే తీసిన ఫోటో మీ ఇంటి ముందుగదిలో ఇప్పటికీ ఉంది. అందులో కిరీటం ఉంది, బంగారు కడియాలున్నాయి, మీ కుడిచెయ్యి మాత్రం లేదు. దోమని కొట్టారు మీరు! మీ వాళ్లంతా కొంపలంటుకున్నట్టు ఆయన మీద పడ్డారు, రాజుగారి చెయ్యి మాయం చేస్తావా అని. ఆయన నెమ్మదిగా, "నేనేం చెయ్యను బాబూ, ఆ పెట్టెకి రాజెవరో తెలీదు, కదిలినవాడెవడో తెలుసు" అన్నాడు. అంత మాట అన్నవాణ్ని మీరు తిట్టలేదు. ఫోటో మార్చమనీ అనలేదు. నవ్వుతున్నారు కదూ, నవ్వండి. ఆయనకి మీరంటే ఎంత గౌరవమో నాకు తెలుసు.

ఇక నీళ్లు. ఈ నీళ్ల సంగతి ఫోటోగ్రాఫర్లు కాని వాళ్లకి తెలియదు. మనకి ఇటు సముద్రం, అటు మడుగు. బావిలో చేద వేసినా ఉప్పే. ఉప్పునీళ్లలో కడిగిన ఫోటో ఆరాక అంచుల్లో తెల్లటి పొర లేస్తుంది, ఏడాది తిరిగేసరికి మొహం మీదికి పాకుతుంది. అందుకని ఆఖరి కడుగు వాన నీళ్లతోనే కడగాలి. వాన నీళ్లు ఎవరి దగ్గర ఉన్నాయి? డోట్సే ఇంటి చూరు కింద పెద్ద పీపా. ఎవరైనా రావచ్చు, ముంచుకోవచ్చు. ఎవరింట్లో పెళ్లి ఫోటోలు ఆగిపోయాయో వాళ్లకి ముందు. తాళం లేదు, అడగడం లేదు. మా సంఘానికి కాగితాల మీద అధ్యక్షులు చాలామంది అయ్యారు. నన్నడిగితే మా సంఘం ఆ పీపాయే.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆడదానికి కెమెరా ఏమిటని మా మేనమామే గుమ్మం ముందు నిలబడి అరిచాడు. సంఘంలో కూడా కొందరు మూతులు తిప్పారు. పేర్లు చెప్పను, ముందువరసలోనే ఉన్నారు. ఎఫో డోట్సే నా చేతికో చెంబిచ్చి పీపా చూపించాడు. "ముంచుకో. ఇక్కడ ముంచుకున్నదాన్ని ఎవడూ ఏమీ అనలేడు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

సముద్రం నా మొదటి స్టూడియో మీదికి వచ్చిన రోజు గుర్తుందా మీకు? గోడ పగుళ్లిచ్చింది, నేను వాకిట్లో కూలబడి ఏడుస్తున్నాను. తల ఎత్తి చూస్తే ఇసుకలో బారులు తీరి వస్తున్నారు, మా వాళ్లంతా. ఒకడు నా పెద్ద లైట్లు మోశాడు. ఒకడు కాగితాల డబ్బాలు. విమానం బొమ్మ వేసిన నా తెర గుర్తుందిగా, దాని ముందు ఫోటో దిగని పెళ్లికొడుకు లేడు ఈ ఊళ్లో, దాన్ని ఎఫో డోట్సే ఒక కొసా, ఎఫో గామెలీ ఇంకో కొసా పట్టుకున్నారు. గాలికి ఆ తెర ఎగిరెగిరి పడుతుంటే ఇద్దరూ దాన్ని తిడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, "విమానం నువ్వు తోలుతున్నావా నేను తోలుతున్నానా" అని పోట్లాడుకుంటూ బజారు దాకా తెచ్చారు. ఏడుస్తున్నదాన్ని నవ్వాను.

గామెలీ పేరు చెప్పగానే అందరూ కాళ్ల వంక చూసుకుంటున్నారేం? చెప్పానుగా, నేనంటానని.

ఎఫో గామెలీ, ఆ వెనక కుర్చీలో కూర్చుంటే నిన్ను చూడననుకున్నావా?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ పెట్టె డోట్సేది. దాని కన్ను గామెలీది. ఓడ మీద పనిచేసిన మామ ఒకడు గామెలీకి తెచ్చిచ్చిన లెన్సు అది. చెక్క ఒకడిది, గాజు ఒకడిది. ఒకడు నల్ల గుడ్డలో తల దూర్చితే ఒకడు మూత తీసేవాడు. అకుప్లే ముద్ద ఒక్క పళ్లెంలో తినేవాళ్లు. పెళ్లిళ్లకీ చావులకీ ఇద్దరూ ఆ పెట్టె మోసుకుని వెళ్లేవాళ్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, సముద్రం ఏ ఇంటి దాకా వస్తే ఆ ఇంటికి వెళ్లేవాళ్లు. ఇల్లు పోయే ముందు ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి ఫోటో దిగడం మనకి అలవాటైపోయింది కదా. ఆ ఫోటోలన్నీ వాళ్లిద్దరివే. వాటిల్లో ఎక్కడైనా సముద్రం కనపడుతుందా? పడదు. అది కదులుతూ ఉంటుంది, అందుకని తెల్లటి మంచులా పోతుంది. ఇల్లు ఉంటుంది, మనుషులు ఉంటారు. "చూశావా, మన ఫోటోలో సముద్రానికి చోటు లేదు" అని డోట్సే గర్వంగా చెప్పుకునేవాడు.

అలాంటివాడు పుట్టి పెరిగిన పాత ఇంటికీ సముద్రం వచ్చింది.

వాళ్లమ్మ మీలో చాలామందికి గుర్తుండాలి. ఎండుచేపలు అమ్మేది, గొంతు మడుగు అవతలికి వినపడేది. కొడుకు ఊరందరి ఫోటోలూ తీస్తాడు, ఆమె మాత్రం కెమెరా ముందు నిలబడేది కాదు. "ముడతలు పడ్డాక నా మొహం ఎందుకురా, పనిలేదా నీకు" అని కసిరేది. ఇల్లు పోతుందనగా ఆ ఒక్కసారి ఒప్పుకుంది. ఆమె మెట్ల మీద, డోట్సే వసారా ఆ కొసన స్తంభం దగ్గర. కొడుకు కూడా ఫోటోలో ఉండాలి కాబట్టి పెట్టె వెనక గామెలీ. మబ్బు పట్టింది. గామెలీ మూత తీశాడు.

మూత తీసి ఉండగా అల లేచింది. ఇంటి పక్కనుంచి మెట్ల మీదికి. ఆమె దానికి వీపు పెట్టి ఉంది. గామెలీ ఏం చేశాడు? "అమ్మా, కదులు! ఇటు రా!" అని గొంతు చించుకుని అరిచాడు. ఆమె కదిలింది. అల వచ్చింది, మెట్లు తీసుకుపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

ఫోటో కడిగి చూస్తే ఇల్లుంది. స్తంభం దగ్గర డోట్సే ఉన్నాడు, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టచ్చు, అంత బాగా పడ్డాడు. అమ్మ లేదు. ఆమె ఉండాల్సిన చోట పొగ.

ఇంకోటి తీద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. వానలు పడకముందే జ్వరంతో కన్నుమూసింది. ఊరందరి చావు ఫోటోలూ తీసినవాడి తల్లి చావుకి గోడ మీద పెట్టడానికి ఫోటో లేదు. అప్పుడు పేలింది గొడవ. "మూత తీసి ఉండగా కదలమని అరుస్తావా? నువ్వూ ఒక ఫోటోగ్రాఫర్‌వేనా?" అన్నాడు డోట్సే. "మీ అమ్మ కొట్టుకుపోతుంటే అంకెలు లెక్కపెడుతూ నిలబడమంటావా? నువ్వూ ఒక కొడుకువేనా?" అన్నాడు గామెలీ. అందరి ముందూ అన్నాడు. అని, మర తిప్పి తన లెన్సు తను తీసుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ ఆ పెట్టెకి ఆ కన్నమే మిగిలింది.

తర్వాతి సంగతి మనకి తెలిసిందే. సంఘం సమావేశంలో రెండు బెంచీలు, ఇటు సగం మంది, అటు సగం మంది. ఇద్దరూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని, "అధ్యక్షా, ఆ బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషికి చెప్పండి" అని ఒకరంటే, "అధ్యక్షా, వినపడిందని ఆయనకి చెప్పండి" అని ఇంకొకరు. మేం నవ్వేవాళ్లం. ఇంటికి వెళ్లి మాత్రం ఏడ్చేవాళ్లం. మంచి స్నేహం అలా కళ్ల ముందే ఎండిపోతుంటే ఎవరికి బాగుంటుంది?

కానీ ఒకటి చెప్పాలి. గామెలీ పీపా దగ్గరికి రావడం మానేశాడు, ఆయన భార్య సేనామె బిందె పట్టుకుని వచ్చేది. ఆమెని చూడగానే డోట్సే లోపలికి వెళ్లిపోయేవాడు, మొహమాటపడకుండా ముంచుకుంటుందని. వేసవిలో పీపా అడుగంటితే తన పని ఆపుకుని ఆమె బిందెకి సరిపడా ఉంచేవాడు. ఒకసారి ఆమె సిగ్గుపడి రాలేదు. ఈయన వీధిలోకి వచ్చి నలుగురూ వినేలా అరిచాడు. "ఆ పెద్దమనిషికి చెప్పండి! ఈ నీళ్లు నావి కావు, వానవి!" కోపం కూడా అలా పడేవాడు మా అన్న.

ఇప్పుడు అసలు మాట. దీని కోసమే నేను నిలబడ్డాను.

పోయిన నెలలో ఫోటోలు కడుక్కోవడానికి వెళితే, ఎఫో డోట్సే వసారాలో కూర్చుని ఆ ఫోటోనే చూస్తున్నాడు. మళ్లీ మొదలెట్టావా, చాలు లోపల పెట్టు అన్నాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎన్యోనమ్, ఈ పొగ చూడు. ఎటు పోయిందో చూడు" అన్నాడు. చూశాను. మెట్ల దగ్గర సన్నగా మొదలైంది. ఇటు వచ్చే కొద్దీ వెడల్పైంది. కెమెరా దగ్గరికి వచ్చేసరికి కాగితం కింది అంచంతా పొగే.

ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెబుతాను. "ఇన్నాళ్లూ మా అమ్మ ఇందులో లేదనుకున్నాను. ఉందే. ఇదంతా మా అమ్మే. గామెలీ వైపు పరుగెత్తుతోంది. నేను పక్కనే ఉన్నానే, నా వైపు రాలేదు. ఎందుకొస్తుంది? నేను లెన్సు వంక చూస్తూ బిగుసుకుని నిలబడ్డాను. అల నాకూ కనపడింది, ఎన్యోనమ్. అయినా కదల్లేదు. ఫోటో పాడవుతుందని. వాడు అమ్మని చూశాడు, నేను ఫోటోని చూసుకున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఎవడో తెలుసా? బాగా పడ్డవాడే."

ఆ మనిషి ఏడవడం నేను అదే చూడటం. వెంటనే గామెలీకి కబురు పంపుతానన్నాను. గామెలీ అప్పటికి సరిహద్దు అవతల లోమేలో కూతురి దగ్గర ఉన్నాడు. డోట్సే వద్దన్నాడు. "వాణ్ని రానీ. నేనే వాడింటికి వెళ్లి చెప్పాలి, ఇది ఒకరి నోట పంపే మాట కాదు. అందాకా నువ్వు నోరు మూసుకో" అన్నాడు. నా జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను. కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు, వదినని అడగండి, గామెలీ ఇంటికి వెళ్లడానికి. ఆ చొక్కాతోనే సాగనంపాం. పీపా దగ్గర ఫోటోలు కడుగుతూ కుప్పకూలిపోయాడు. చేతిలో చెంబు చేతిలోనే ఉంది.

ఎఫో గామెలీ, నీ పేరుకి అర్థం ఇంకా సమయం ఉందని కదా. ఆయన ఆ పేరునే నమ్ముకున్నాడు, పాపం. సమయం లేకపోయింది. ఆయన వచ్చి చెప్పాల్సిన మాట నా నోట వినాల్సి వచ్చింది నీకు. విన్నావుగా? నువ్వు ఆ రోజు చేసింది తప్పు కాదు. మా అన్న ఒప్పుకున్నాడు. నలుగురి ముందూ నిన్ను మాట అన్నాడు కాబట్టి నలుగురి ముందే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాడనుకో. ఆ ఫోటో కూడా ఇక్కడే ఉంది, పెట్టె పక్కన. ఇవాళ ఇక్కడ ఏ ఫోటో పెట్టాలని మేమడిగితే వదిన అదే తెచ్చిచ్చింది. తల్లీ కొడుకూ ఇద్దరూ ఉన్న ఫోటో అని.

మా బెంచీల వాళ్లతో కూడా ఒక మాట. డోట్సే పోయాడు కాబట్టి ఇక సంఘం రెండు ముక్కలు చేద్దామని కొందరు గుసగుసలాడుతున్నారట, నిన్న చావింట్లోనే. నా చెవిన పడింది. చేయండి. ఆ పీపాని ఎలా కోస్తారో ముందు చెప్పండి. ఈ సగంలో మా వాన, ఆ సగంలో మీ వాన అంటారా? సిగ్గుండాలి. కఫూయి వదిన పీపాకి తాళం వెయ్యనంది. వదిన వెయ్యని తాళం మనమెందుకు వేసుకుంటాం?

సరే, కోపం వద్దు ఇవాళ.

ఎఫో గామెలీ, పొద్దున వచ్చినప్పట్నుంచీ నువ్వు కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఎవరైనా దండం పెట్టినా ఎడమచెయ్యే ఊపావు. మన దగ్గర ఎడమచెయ్యి ఊపితే ఎంత తప్పో తెలిసినవాడివి. ఏముంది ఆ జేబులో? నాకు తెలుసు. సేనామె వదిన చెప్పకపోయినా తెలుసు. లోమే నుంచి చావుకి వచ్చేవాడు బట్టల సంచీ మర్చిపోయాడట, అది మాత్రం మర్చిపోలేదు.

పెట్టెలో కాగితం పొద్దున నేనే పెట్టాను, వెలుగు పడకుండా నల్ల అడ్డుపలక వెనక. కన్ను ఒక్కటే తక్కువ.

లేచాడు. దారి ఇవ్వండి. ఎవరూ ఆయన్ని పట్టుకోకండి, ఆయన నడవగలడు. తొందరేం లేదన్నా, నెమ్మదిగా బిగించు. ఆ మర నీ చేతికి తెలుసు.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. టోగ్బే గారూ, మీరు కూడా. వదినా, పిల్లలూ, ముందుకి రండి. రెండు బెంచీల వాళ్లూ ఇటు ఒక్క వరసలోకి రండి, భుజాలు తగలాలి. ఇంకా దగ్గరికి. మా అన్న కోసం మౌనం పాటిద్దాం. ఎంతసేపని గడియారం చూడకండి. గామెలీ మూత తీసినప్పుడు మొదలు, మూత పెట్టినప్పుడు ఆఖరు. అందాకా మాట వద్దు.

ఒక్కటి మాత్రం వినండి. జీవితమంతా ఆయన మనకి కదలకండి అని చెప్పాడు. ఇవాళ ఆయన తరఫున నేను చెబుతున్నాను. ఏడుపొస్తే ఏడవండి. కళ్లు తుడుచుకోవాలనిపిస్తే తుడుచుకోండి. పక్కవాళ్లు తూలితే చెయ్యి వేసి పట్టుకోండి. ఫోటో చెడిపోతుందని బిగుసుకుని నిలబడకండి. పొగలా పడితే పడదాం.

ఎఫో గామెలీ, మూత తియ్యి.